చిందు యక్షగానం: పెద్దతరం చేతిలోని విద్య

ఉత్తర తెలంగాణ పల్లెల్లో రాత్రి పొద్దుపోయాక మొదలై, తెల్లవారుజామున మంగళహారతితో ముగిసే ఆటల్లో చిందు యక్షగానానిది ప్రత్యేక స్థానం. పాట, పద్యం, మాట, అడుగు, వేషం అన్నీ కలిసిన నిండు నాటకం ఇది. చిందు భాగవతమని కూడా దీనికి పేరు. పాత కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల్లో చిందు కుటుంబాలు తరతరాలుగా ఈ ఆట ఆడుతున్నాయి. కొండగట్టు, వేములవాడ, ధర్మపురి క్షేత్రాల చుట్టుపక్కల పల్లెల్లో చదువు రానివారికి రామాయణ, భారత, భాగవత కథలు పుస్తకాల కన్నా ముందు ఇలాంటి ఆటల ద్వారానే అందాయి. ఈ ఆటకు లక్షణ గ్రంథం లేదు, పాఠ్యపుస్తకం లేదు. పదులకొద్దీ కథలు, వాటి దరువులు, అడుగులు, వేషాల మర్మాలు పెద్ద కళాకారుల జ్ఞాపకంలోనే ఉన్నాయి. అందుకే ఈ కళను కాపాడటమంటే ముందుగా ఆ పెద్దల విద్యను తర్వాతి తరానికి అందించడమే.

యక్షగానం తెలుగు నేలకు కొత్తది కాదు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రికుల ఆటపాటలను వివరంగా వర్ణించాడు. దొరికిన తెలుగు యక్షగానాల్లో తొలిదిగా పండితులు చెప్పే సుగ్రీవ విజయాన్ని 16వ శతాబ్దంలో కందుకూరి రుద్రకవి రాశాడు. గోదావరి ఒడ్డున ధర్మపురిలో శేషప్ప కవి శతకాలతో పాటు రామాయణాన్ని యక్షగానంగా రచించాడు. 20వ శతాబ్దంలో చెర్విరాల భాగయ్య రాసిన యక్షగానాలు చౌక ముద్రణల్లో తెలంగాణ ఊరూరా చేరి భాగవత మేళాలకు ఆధారమయ్యాయి. యక్షగాన సాహిత్యాన్ని ఎస్వీ జోగారావు, జానపద సాహిత్యాన్ని బిరుదురాజు రామరాజు, ప్రదర్శన కళలను మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తమ గ్రంథాల్లో పరిశీలించారు. తెర వెనుక ప్రవేశం, పాత్ర తన్ను తాను పరిచయం చేసుకునే ప్రవేశ దరువు, పాటకు తగిన అభినయం వంటి లక్షణాలు కూచిపూడి భాగవత మేళాల్లోనూ చిందు మేళాల్లోనూ కనిపిస్తాయి. అయితే కూచిపూడికి శాస్త్రీయ నృత్యమన్న గుర్తింపు వచ్చి, ఊరు దాటి, దేశం దాటి పోయింది. చిందు యక్షగానం జానపదమన్న గదిలోనే ఉండిపోయింది. ఈ తేడాకు కళలోని లోతుపాతుల కన్నా దాన్ని పట్టుకున్న వారి సామాజిక స్థానమే ఎక్కువ కారణం.

చిందు వారు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. డక్కలి, మాష్టి, బైండ్ల వారి మాదిరిగా వీరు మాదిగల ఆశ్రిత కులం. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివన్న పంపకం పూర్వం నుంచీ ఉంది. దీన్ని మిరాశి అంటారు. పంటలు ఇంటికి వచ్చాక మేళం తన మిరాశి ఊరికి వెళ్తుంది. మాదిగ వాడ వారికి తిండి, బస చూస్తుంది. మేళం కొన్ని రాత్రులు ఆట ఆడుతుంది. చివరకు ఇంటింటి నుంచి ధాన్యమో డబ్బో కట్నంగా అందుతుంది. పోషకుల దృష్టిలోనూ కళాకారుల దృష్టిలోనూ ఇది భిక్ష కాదు, హక్కు. దానికి బదులుగా చిందు వారు చెప్పే కథల్లో జాంబపురాణం ముఖ్యమైనది. లోకం పుట్టకముందే పుట్టిన జాంబవుడు మాదిగల మూలపురుషుడని ఆ కథ చెబుతుంది. ఇందులోని గోసంగి వేషానికి పూజనీయత ఉంది. ఒంటికి నీలి రంగు, గవ్వల అలంకారం ఆ వేషానికి గుర్తులు. కులపుట్టుక మీద బ్రాహ్మణ పాత్రతో గోసంగి చేసే వాదం వాడ జనానికి వినోదమే కాదు, తమ గౌరవాన్ని తాము వినే సందర్భం కూడా. ఎల్లమ్మ పండుగల్లో చిందు స్త్రీ ఎల్లమ్మ వేషం వేసి వస్తే ఊరి జనం ఆమెకే మొక్కుతారు.

ఆట నడిచే తీరును దగ్గరగా చూస్తే పెద్దల విద్య ఎక్కడ ఉందో తెలుస్తుంది. వేదిక నేల మీదే. మూడు వైపులా జనం కూర్చుంటారు. పూర్వం కాగడాల వెలుగు, ఆ తర్వాత పెట్రోమాక్స్ దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. మద్దెల, తాళాలు, హార్మోనియం, కాలి గజ్జెలు ఇవే వాద్యాలు. కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం వంటి ఆభరణాలను తేలిక కర్రతో చెక్కి, రంగు కాగితాలు, అద్దం బిళ్ళలు అతికి మేళం వారే చేసుకుంటారు. ముఖానికి అర్దళం, కళ్ళకు కాటుక. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. ముందు తెర పైన కిరీటం అంచు, తెర కింద గజ్జెల కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. వచ్చినది రాజో, రాక్షసుడో, రాణో ఆ అడుగు తీరును బట్టే ప్రేక్షకులు పోల్చుకుంటారు. తెర తొలగాక దరువు అందుకుని ఆ పాత్ర తన పేరు, ఊరు, పరాక్రమం చెప్పుకుంటుంది. తర్వాత కథ వచనం, ద్విపద, దరువు, కందార్థాల మీదుగా సాగుతుంది. నడుమ హాస్యగాడు వచ్చి, పురాణ కథలోకి ఊరి సంగతులు లాగి నవ్విస్తాడు.

కందార్థం తెలంగాణ యక్షగానాల్లో విరివిగా వినిపించే రూపం. నటుడు ముందు కంద పద్యాన్ని తాళం లేకుండా, రాగం తీసి పాడతాడు. మద్దెల అప్పుడు ఆగి ఉంటుంది. పద్యం చివరికి వచ్చేసరికి ఎత్తుగడ మారి, అదే భావం తాళంలో పడి అర్థంగా సాగుతుంది. మద్దెల అందుకుంటుంది, వంతపాట కలుస్తుంది, కాలు కదులుతుంది. పద్యం మాటలు అచ్చు పుస్తకంలో దొరుకుతాయి. కానీ రాగం ఎంతసేపు తీయాలి, ఏ అక్షరం మీద మద్దెల దెబ్బ పడాలి, ఎక్కడ అడుగు వెయ్యాలి, శోకంలో ఎలా లాగాలి, కోపంలో ఎలా తెంపాలి అన్నవి ఏ పుస్తకంలోనూ ఉండవు. ఆట మొత్తాన్ని తాళం పట్టిన పెద్ద నడిపిస్తాడు. వేషం సిద్ధం కాకపోతే దరువు పొడిగిస్తాడు, మబ్బు పడితే కథ కుదిస్తాడు, మాట మరిచిన నటుడికి వెనుక నుంచి అందిస్తాడు. ఒక్క పెద్ద మేళానికి దూరమైతే పోయేది ఒక గొంతు మాత్రమే కాదు. ఆటను రాత్రంతా నిలబెట్టే తెలివి కూడా దాంతోనే పోతుంది.

ఈ విద్య పిల్లలకు వచ్చేది ఇంట్లోనే. మేళమంటే ఎక్కువగా ఒక కుటుంబం, దాని చుట్టాలు. పసితనంలోనే బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు వంటి వేషాలు కడతారు. రాత్రంతా తెర పక్కన కూర్చున్న పిల్లవాడికి పెద్దల పాత్రల మాటలు కూడా నోటికి వస్తాయి. వయసు పెరిగిన కొద్దీ స్త్రీ పాత్రలు, రాజపాత్రలు, చివరికి హిరణ్యకశిపుడు, కీచకుడి వంటి బరువైన పాత్రలు చేతికి వస్తాయి. కూచిపూడి మేళాల్లో పూర్వం ఆడవేషాలు మగవారే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషంతోనే దేశమంతా పేరు పొందారు. చిందు మేళాల్లో మాత్రం స్త్రీలు స్వయంగా ఆడతారు, మగ పాత్రలు కూడా కడతారు.

అలా పురుష పాత్రల్లోనూ రాణించిన కళాకారిణి చిందుల ఎల్లమ్మ. నిజామాబాద్ జిల్లా అమ్దాపూర్ ఆమె ఊరు. చిన్ననాడే గజ్జె కట్టిన ఆమె ముసలితనం దాకా ఆటను విడవలేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. ఆమె నోట చెప్పిన జీవితకథను పరిశోధకుడు కె. ముత్యం అక్షరబద్ధం చేశారు. నేను చిందేల ఎల్లమ్మను అన్నది ఆ పుస్తకం పేరు. 2005లో ఆమె కన్నుమూశారు. ఆ పుస్తకం వల్ల ఆమె జీవితం, మేళాల బతుకు, ఊళ్ళతో వారి సంబంధం నిలిచాయి. ఆమె అడుగు, ఆమె రాగం నిలవాలంటే అవి శిష్యుల ఒంట్లోకి, గొంతులోకి దిగాల్సిందే. రాసి దాచేదానికీ నేర్పి దాచేదానికీ ఉన్న తేడా ఇది.

మరో పెద్ద కళాకారుడు గడ్డం సమ్మయ్య. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి ఆయన ఊరు. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తికి ఇది పొరుగు సీమే. అయిదు దశాబ్దాలకు పైగా 19 వేలకు మించిన ప్రదర్శనలు ఇచ్చారని కేంద్ర ప్రభుత్వం ఆయన పద్మశ్రీ ప్రకటనలో పేర్కొంది. 2024లో వచ్చిన ఆ పురస్కారం చిందు యక్షగానానికి దేశస్థాయి గుర్తింపు తెచ్చింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రానికి చెందిన పద్మశ్రీ కళాకారులకు 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25 వేల రూపాయల పింఛను ప్రకటించింది. ఒక కళాకారుడి వృద్ధాప్యానికి ఇది గట్టి ఆసరా. అయితే యక్షగానం ఒక్కరు ఆడే ఆట కాదు. మద్దెల వాయించేవారు, వంత పాడేవారు, స్త్రీ పాత్రలు కట్టేవారు, ఆభరణాలు చెక్కేవారు అందరూ ఉంటేనే ఆట నిలుస్తుంది. బిరుదు ఒకరికి వచ్చినా బతుకుదెరువు మేళం మొత్తానికి కావాలి.

పెద్దతరం ఎంత వేగంగా తరిగిపోతున్నదో తెలియడానికి 2024 సంవత్సరమే చాలు. ఆ జూన్‌లో కోయల కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య మరణించారు. అక్టోబరులో ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయికి చెందిన గోండుల గుస్సాడీ నృత్య గురువు కనకరాజు పోయారు. ఇద్దరూ పద్మశ్రీలే. కనకరాజుకు 2021లో, రామచంద్రయ్యకు 2022లో ఆ గౌరవం దక్కింది. మూడేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ లేరు. ముదిమి వచ్చాక ఇచ్చే పురస్కారం కళాకారుడిని గౌరవిస్తుంది గానీ, శిష్యులకు నేర్పే వ్యవధిని తెచ్చిపెట్టదు.

చిందు మేళాలు తగ్గడానికి కారణాలు పలు. సినిమా, ఆ తర్వాత టీవీ, ఇప్పుడు సెల్‌ఫోన్ రాత్రి ఆట స్థానాన్ని ఆక్రమించాయి. కరువు, అప్పులు, గల్ఫ్ వలసలు పోషక కుటుంబాలనే ఊరు దాటించాయి. ధాన్యంగా అందే కట్నం తగ్గింది. చదువుకున్న పిల్లలు ఇంటింటా చేయి చాచడాన్ని అవమానంగా భావిస్తున్నారు. పెద్దలు హక్కుగా చూసినదే పిల్లలకు కులపు ముద్రగా కనిపిస్తోంది. ఇది తప్పు పట్టదగిన ఆలోచన కాదు. ఇంకోవైపు ప్రభుత్వ పథకాల ప్రచారానికి జానపద కళారూపాలను వాడుకోవడం పెరిగింది. కళాకారులకు దానివల్ల కొంత ఆదాయం ఉంది. కానీ రాత్రంతా సాగే కథను పావుగంటకు కుదించి, దరువు బాణీలో పథకం వివరాలు పాడినప్పుడు కందార్థానికి చోటుండదు, పాత్ర ఎదగడానికి వ్యవధి ఉండదు. ఆ పావుగంటే చూసి నేర్చిన యువకుడికి యక్షగానం అంటే అంతేనన్న అభిప్రాయం స్థిరపడుతుంది.

గురువులు ఉండగా నేర్చుకోవడానికీ, పోయాక వెతుక్కోవడానికీ ఎంత తేడా ఉందో తెలంగాణలోనే ఒక ఉదాహరణ చెబుతుంది. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని 13వ శతాబ్దం నడుమ నృత్తరత్నావళి రాశాడు. అందులో పేరిణి నృత్య వివరణ ఉంది. 1213 నాటి రామప్ప గుడిలో నర్తకుల శిల్పాలున్నాయి. ఆడేవారు మాత్రం ఎవరూ మిగల్లేదు. నటరాజ రామకృష్ణ గ్రంథాన్నీ, శిల్పాలనూ, శైవ సంప్రదాయాలనూ ఆధారం చేసుకుని పేరిణిని తిరిగి నిర్మించారు. 1985 మహాశివరాత్రి నాడు రామప్ప గుడిలోనే దాన్ని ప్రదర్శింపజేశారు. అది గొప్ప కృషే. అయినా శిల్పం ఒక భంగిమను మాత్రమే చూపుతుంది. ఆ భంగిమకు ముందు ఏముంది, తర్వాత ఏముంది అన్నది పునర్నిర్మాత ఊహించాల్సిందే. ఆయనే ఆలయ నర్తకీమణుల నృత్యం విషయంలో వేరే దారి పట్టారు. దేవదాసీ నిషేధ చట్టం తర్వాత గజ్జె విడిచి ఇళ్ళకే పరిమితమైన వృద్ధ కళావంతులను 1970 ప్రాంతంలో హైదరాబాదుకు పిలిపించి, వారి అభినయాన్ని వారి దగ్గరే శిష్యులకు నేర్పించారు. ఆంధ్రనాట్యం అలా నిలిచింది. ఒకదానికి రాళ్ళు, గ్రంథాలు ఆధారం. రెండోదానికి మనుషులే ఆధారం. చిందు యక్షగానం ప్రస్తుతానికి ఈ రెండో స్థితిలోనే ఉంది.

కేరళలోని కూడియాట్టం మరికొన్ని పాఠాలు చెబుతుంది. ఈ సంస్కృత నాటక సంప్రదాయం చాక్యార్, నంబియార్ కుటుంబాల్లో, గుడి ఆవరణలోని కూత్తంబలం అనే నాట్యశాలలో మాత్రమే సాగేది. 20వ శతాబ్దం నడుమ దాన్ని గుడి బయటకు తెచ్చినవారిలో పైంకుళం రామ చాక్యార్ ఒకరు. 1965లో కేరళ కళామండలంలో కూడియాట్టం శాఖ మొదలైనప్పుడు ఆయనే గురువయ్యారు. ఇతర కులాల పిల్లలకూ విద్య అందింది. అమ్మన్నూర్ మాధవ చాక్యార్ వంటి పెద్దలు దశాబ్దాల పాటు శిష్యులను తయారు చేశారు. 2001లో యునెస్కో మానవాళి వారసత్వ కళాఖండాల్లో ఒకటిగా కూడియాట్టాన్ని ప్రకటించేనాటికి ఆ శిష్యతరం సిద్ధంగా ఉంది. గుర్తింపు రాకముందే గురుకులం పని చేయడమే అక్కడ కళను నిలిపింది. జపాన్ 1950 నాటి చట్టం పునాదిగా తన నిపుణ కళాకారులను సజీవ జాతీయ సంపదగా గుర్తిస్తుంది. దక్షిణ కొరియాలో 1962 చట్టంతో మొదలైన పద్ధతిలో గుర్తింపు పొందిన గురువులు శిష్యులకు నేర్పాలి. గురువుకు ఇచ్చే గౌరవానికీ శిష్యుల తయారీకీ ముడి వేయడం ఈ పద్ధతుల్లోని కీలకం.

మన దేశంలోనూ సాధనాలు లేకపోలేదు. సంగీత నాటక అకాడమీ ఉంది. నాగపూర్, తంజావూరు కేంద్రాలుగా పనిచేసే ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు గురుశిష్య పరంపర పథకం కింద గురువుకూ, వాద్యకారుడికీ, శిష్యులకూ భృతి ఇస్తాయి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. చిందు యక్షగానానికి కావలసింది వీటన్నిటినీ మేళం అనే ప్రమాణంతో కలపడం. భృతి ఒక నటుడికి కాక మేళానికి అందాలి. శిక్షణ ఊరికి దూరంగా కాక మేళం ఉన్నచోటే, ఆట సాగే కాలంలోనే జరగాలి. కనీసం కొన్ని కథలను మొదటి దరువు నుంచి మంగళహారతి దాకా రాత్రంతా ఆడించి, ఎక్కడా కోయకుండా రికార్డు చేయాలి. మద్దెల జతులను, కందార్థ బాణీలను విడిగా వాయించి, పాడించి భద్రపరచాలి. కుటుంబాల దగ్గరున్న రాత ప్రతులకు నకళ్ళు తీసి, అసలు ప్రతులు ఆ కుటుంబాల దగ్గరే ఉంచాలి. రికార్డు గురువుకు బదులు కాదు, గురువు లేనప్పుడు శిష్యుడికి గుర్తు చేసే ఆధారం మాత్రమే.

కాపాడే పనిలో విడిచిపెట్టాల్సినవీ ఉన్నాయి. ఎల్లమ్మ పేరిట ఆడపిల్లను జోగినిగా విడవడం చిందు కుటుంబాలను కూడా పీడించిన దురాచారం. 1988 చట్టం దాన్ని నేరంగా ప్రకటించింది. వేషం కట్టే విద్య వేరు, వేషం పేరుతో బతుకును కట్టిపడేయడం వేరు. అలాగే ఇంటింటా కట్నం అడిగే స్థితి పోయి, ఆటకు తగిన పారితోషికం రావాలి. విద్యాశాలల్లో, కళావేదికల మీద ఏ కులపు పిల్లలైనా యక్షగానం నేర్చుకోవచ్చు. అప్పుడే నేర్చేవారి సంఖ్య పెరుగుతుంది. జాంబపురాణం, గోసంగి వేషం వంటి పూజనీయమైన భాగాలను ఎక్కడ, ఎవరు ఆడాలన్నది మాత్రం చిందు వారే నిర్ణయించాలి. నేర్పే గురువుల స్థానం, అందుకు వచ్చే జీతం వారికే ముందుగా దక్కాలి. తాతముత్తాతల నుంచి ఈ విద్యను మోసిన కుటుంబాల్లోని పిల్లలకు, యక్షగానం నేర్చుకుంటే గౌరవంగా బతకవచ్చన్న నమ్మకం కలిగినప్పుడే పెద్దలు నేర్పేందుకూ, పిల్లలు నేర్చేందుకూ కూర్చుంటారు.